గుర్రం దిగిన రేవు

(చారిత్రక నవలల చదువరుల తరఫున ఉత్సవ సభలో చదివిన ప్రసంగపాఠం)



కార్యనిర్వాహకులు మాకిచ్చిన వ్యవధి ఇరవై నిమిషాలు. మాకు ముందు కూచిపూడి, మా తర్వాత భోజనాలు. ఈ రెంటి నడుమ నవలల గురించి మాట్లాడబోవడం ఎంత సాహసమో మాకు తెలియకపోలేదు. అయినా ఒప్పుకున్నాం. మా శుక్రవారపు కూడికల్లో ఈ ఏడాది ఒక ప్రశ్న పుట్టింది. అది మా పదిపన్నెండుమందితో తేలేది కాదు, ఈ దీవిలో ఉన్న తెలుగువారందరితోనూ పని ఉన్న ప్రశ్న.

ముందుగా మేమెవరమో రెండు మాటలు. మాలో ఆసుపత్రి నర్సు ఉన్నారు, లెక్కలు రాసే గుమాస్తా ఉన్నారు, రిఫైనరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, బడిపంతులు ఉన్నారు, సల్మాబాద్ క్యాంపునుంచి బస్సు పట్టుకొని వచ్చే మేస్త్రీ తమ్ముడు ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒకరింట చేరతాం. టీ, జంతికలు ఇంటివారివి. పుస్తకాలు ఎవరివి వారివే. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎప్పుడో కాలేజీలో చదివిన పుస్తకం గురించి చెప్పకూడదు. ప్రస్తుతం ఏం చదువుతున్నారు, ఎన్నో పేజీలో ఉన్నారు, అక్కడ ఏం జరుగుతున్నది – అంతే చెప్పాలి. ఈ నియమం పెట్టాక సగంమంది పండితులు రావడం మానేశారు. మిగిలినవాళ్ళం నిజంగా చదవడం మొదలుపెట్టాం.

ఇప్పుడు ఎవరి చేతిలో ఏముందో చెబుతాం.

నర్సు అక్కయ్యగారి చేతిలో అడవి బాపిరాజుగారి ‘హిమబిందు’ ఉంది. రాత్రి డ్యూటీ అయ్యాక నిద్ర పట్టేదాకా పది పేజీల చొప్పున చదువుతున్నారు. శాతవాహనుల కాలం, శిల్పులు, బౌద్ధారామాలు. బాపిరాజుగారు చిత్రకారులు గనుక ఏ ఘట్టమైనా రంగులు కలిపి రాస్తారు. అక్కయ్యగారికి ఆ వర్ణనలు కొంచెం ఎక్కువనిపించాయి. “చీర రంగు చెప్పి ఊరుకోరు, అంచు నేత కూడా చెబుతారు, ఈలోగా నాకు నిద్రొస్తుంది” అన్నారు. మాలో బాపిరాజుగారి అభిమానులకు ఈ మాట రుచించలేదు. వారం రోజులు ముభావంగా ఉన్నారు.

గుమాస్తాగారు నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’ చదువుతున్నారు. రేపల్లెలో వకీలుగా పనిచేసిన శాస్త్రిగారు, నన్నయ సహాధ్యాయి నారాయణభట్టు మొదలుకొని శ్రీనాథుడిదాకా, ధూర్జటిదాకా ఒక్కొక్క యుగాన్ని ఒక్కొక్క నవలగా కట్టారు. వకీలుగారి రచన గనుక పాత్రలు సాక్ష్యం చెప్పినట్టు ఆచితూచి మాట్లాడతాయి. గుమాస్తాగారికి సరిగ్గా అదే నచ్చింది.

‘రుద్రమదేవి’ మాట వచ్చింది గనుక ఇక్కడ కొంచెం ఆగుతాం. ఈ రాణి ఎలా మరణించిందన్నది చాలాకాలం స్పష్టంగా తెలియదు. 1970లలో నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. 1289 నవంబరు 27 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జుననాయకుడు శివసాయుజ్యం పొందగా, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు భూమిని దానం చేశాడు. రాణీ, సేనానీ కలిసి పోయారంటే అది యుద్ధభూమిలోనే అయి ఉంటుందని, కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనని చరిత్రకారులు ఊహించారు. బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’, నోరివారి ‘రుద్రమదేవి’ ఈ శాసనం బయటపడటానికి చాలా ముందే అచ్చయిన పుస్తకాలు. అంటే మహారాణి తుదిఘడియలు తెలియకుండానే మనవాళ్ళు ఆమెను నిలువెత్తుగా నిలబెట్టారు. ఇందులో మాకు తప్పేమీ కనిపించలేదు. ఆ వార్త మనకు అందించినవాడు ఏ ఆస్థానకవీ కాదు, ఒక బంటు. ఈ సంగతి మటుకు మా మనసులో ఉండిపోయింది. దీని పని ముందు పడుతుంది.

పంతులుగారు విశ్వనాథవారి ‘ఏకవీర’ నాలుగోసారి చదువుతున్నారు. నియమానికి ఇది భంగం కాదా అంటే, ప్రతిసారీ కొత్తగానే చదువుతున్నానన్నారు. మధుర నాయకరాజుల కాలం, ఇద్దరు మిత్రులు, తారుమారైన రెండు పెళ్ళిళ్ళు. ఆ నవలలో చరిత్ర తెరచాటున ఉంటుంది, హృదయం తెరముందు ఉంటుంది. దానికి ఇంతకుమించి మేము వ్యాఖ్య చెయ్యం. పంతులుగారు ముందువరుసలోనే కూర్చున్నారు.

అనంతపురంవైపు మిత్రుడొకరు బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’తో వచ్చారు. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందిన నవల. 18వ శతాబ్దపు అనంతపురం సీమ, హండె రాజుల కాలం. రాజులున్నారుగానీ, కథను మోసేవాళ్ళు వాళ్ళు కారు. గొర్రెలకాపరులు, బంట్లు, గుడికి అంకితమైన ఆడవాళ్ళు, కరువులో ఊళ్ళు విడిచిన జనం మోస్తారు. మిత్రుడు చదువుతూ చదువుతూ పుస్తకం మూసి, “ఇది మా తాత భాష” అన్నాడు.

మేస్త్రీ తమ్ముడిది జగిత్యాల దగ్గర పల్లె. అతను ‘ఏడు తరాలు’ చదువుతున్నాడు. అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ రాసిన ‘రూట్స్’కు సహవాసిగారి తెలుగు. ఆఫ్రికా పల్లెలో పట్టుబడిన కుంటా కింటేను ఓడ అడుగున గొలుసులతో కట్టి సముద్రం దాటించిన ఘట్టం దగ్గర రెండు వారాలు ఆగిపోయాడు. “ముందుకు పోలేకపోతున్నా” అన్నాడు. మేమెవరం తొందరపెట్టలేదు.

‘చంఘిజ్ ఖాన్’ చదువుతున్నవారు కూడా ఒకరున్నారు. తెన్నేటి సూరిగారి నవల. దాన్ని గురించి చెప్పాల్సింది చాలా ఉన్నా ఒక్క మాటతో సరిపెడతాం. తెలుగు చారిత్రక నవలల్లో గుర్రానికి ఆకలి దప్పులున్నది మాకు ఈ పుస్తకంలోనే కనిపించింది.

గుర్రం మాట ఊరికే ఎత్తలేదు. అసలు ప్రశ్న అక్కడే పుట్టింది.

రిఫైనరీ బాబాయిగారి మనవడు ఇక్కడే పుట్టి ఇక్కడే పన్నెండో తరగతి చదువుతున్నాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం కూడబలుక్కొని. కాబట్టి ఒక శుక్రవారం పంతులుగారు అందరికీ ‘గోన గన్నారెడ్డి’నుంచి పైకి చదివి వినిపించారు. గన్నారెడ్డి గజదొంగ వేషంలో తన అశ్వికులతో విరుచుకుపడి, పెండ్లి తరలివస్తుండగా పెండ్లికొడుకునే ఎత్తుకుపోయే ఘట్టం. డెక్కల చప్పుడు, దుమ్ము, కాగడాలు. పంతులుగారు గొంతెత్తి చదివితే గదిలో గుర్రాలు పరిగెత్తినట్టే ఉంది. అంతా అయ్యాక కుర్రవాడు నెమ్మదిగా అడిగాడు: “మాస్టారూ, ఇన్ని గుర్రాలు ఎక్కడివి? వరంగల్లులో గుర్రాలు పుడతాయా?”

పంతులుగారు నవ్వేశారు. నవలలో అలాంటివి అడగకూడదన్నారు. కాని అడిగిన తర్వాత ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. మేము వెతకడం మొదలుపెట్టాం. మూడు నెలలు వెతికాం. దొరికినవి మీముందు పెడతాం.

దక్షిణదేశపు వాతావరణం మేలుజాతి గుర్రానికి పడదు. పచ్చికా సరిపడదు, పెంపకమూ మనవాళ్ళకు అంతగా తెలియదు. అందుచేత యుద్ధానికి పనికివచ్చే గుర్రం ఏటేటా సముద్రంమీద రావలసిందే. ఎక్కడినుంచి? ఇక్కడినుంచి. అక్షరాలా ఇక్కడినుంచి. రుద్రమదేవి మనుమడు ప్రతాపరుద్రుడి కాలానికి చెందిన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు. కిష్ ద్వీపపు మలిక్ జమాలుద్దీన్ ఏటా తన సొంత గుర్రాలు 1,400 తమిళతీరానికి పంపేవాడట. అవిగాక ఖతీఫ్, లహ్సా, బహ్రెయిన్, హుర్ముజ్, ఖల్హాత్ రేవులనుంచి దొరికినన్ని గుర్రాలు సేకరించి పంపేవాడట. గుర్రానికి వెల 220 ఎర్రబంగారు దీనారాలు. దారిలో చచ్చినవాటికి కూడా రాజుగారి ఖజానానుంచే సొమ్ము ముట్టాలన్నది ఒడంబడిక. ఆ జాబితాలో బహ్రెయిన్ పేరు చూసి మేము లేచి నిలబడ్డాం. ఎవరో “చప్పట్లు కొట్టండి” అన్నారు. కొట్టాం.

ఇది పాండ్యుల రేవుల సంగతి. మార్కోపోలో కూడా ఆ తీరం గురించే రాస్తూ, వేలకొద్దీ గుర్రాలు కొని ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగుల్చుకోలేరనీ, గుర్రాలకు ఉడికించిన అన్నం పెడతారనీ ఆశ్చర్యపోయాడు. మరి మన తీరం? మన కృష్ణామండలపు పక్కనే మోటుపల్లి ఉంది. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనం నేటికీ ఉంది. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డునపడిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి దగ్గర సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు ఉన్నాయి. ఇంతటి మాట ఇచ్చిన రాజు కూతురే మన నవలల్లో కత్తి పట్టుకొని గుర్రమెక్కుతుంది.

1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించి సంధి చేసుకున్నప్పుడు ప్రతాపరుద్రుడు ఇచ్చినవాటిలో వంద ఏనుగులూ, 7,000 గుర్రాలూ ఉన్నాయని బరనీ రాశాడు. ఏడువేల గుర్రాలు! వాటిలో ఎన్ని ఈ ఉప్పునీటిని దాటివచ్చాయో!

శ్రీనాథుడి దగ్గరకు వస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ‘హరవిలాసం’ కృతిపతి అవచి తిప్పయసెట్టి రెడ్డిరాజుల ఆస్థానానికి సుగంధద్రవ్యాలు చేర్చిన వర్తకుడు. అతను ఏ దేశంనుంచి ఏ సరుకు తెప్పించేవాడో చెబుతూ శ్రీనాథుడు గుర్రాలకు ‘హురుమంజి’ పేరు చెప్పాడు. హురుమంజి అంటే హుర్ముజ్. ఆ రోజుల్లో బహ్రెయిన్ దీవి కూడా ఆ హుర్ముజ్ ప్రభువుల పెత్తనం కిందిదే. స్కూల్లో ఈ పద్యం బట్టీపట్టినవారు ఈ సభలో ఉండకపోరు. ఆ హురుమంజి మన ఇంటికి ఇంత దగ్గరని అప్పుడు ఎవరు చెప్పారు?

ఇక విజయనగరం. ఇక్కడ చెప్పాల్సింది మరీ ఎక్కువ. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిన వృత్తాంతం మాలో ముగ్గురు చదివారు. సాళువ నరసింహరాయలు హుర్ముజ్ గుర్రాలను వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొనేవాడట. బతికినవాటికీ చచ్చినవాటికీ ఒకటే వెల. సముద్రంమీద చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపితే చాలు, సొమ్ము ఇచ్చేవాడట. కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా రాశాడు. ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగంలో రాయలు స్వయంగా చెప్పాడు కదా: దూరదేశాలనుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులను మంచి ధరలతో, కానుకలతో, దర్శనాలతో మనవాళ్ళుగా చేసుకోవాలి, ఆ సరుకు శత్రువుకు పోకూడదని. అది కవిత్వం కోసం చెప్పిన మాట కాదు. లెక్క తెలిసిన మాట.

1520 రాయచూరు యుద్ధం మనకు వీరగాథ. దాని వెనక నూనిజ్ చెప్పిన కారణం వినండి. రాయలు ఒక మనిషికి నలభైవేల పర్దావులు ఇచ్చి గుర్రాలు కొనుక్కురమ్మని గోవాకు పంపాడు. అతను సొమ్ముతో సహా ఆదిల్షా పంచన చేరాడు. మనిషినీ, సొమ్మునూ పంపమంటే ఆదిల్షా పంపలేదు. సమరం మొదలైంది. ఆ యుద్ధంలో తుపాకులతో రాయలకు తోడ్పడిన పోర్చుగీసు క్రిస్టోవాం ఫిగైరెడో కూడా ఆ సమయానికి గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చి ఉన్నవాడే. మరుసటి ఏడు 1521లో అదే పోర్చుగీసువాళ్ళు ఈ బహ్రెయిన్ మీద పడి, ఇక్కడి పాలకుడు ముఖ్రిన్‌ను చంపి దీవిని పట్టుకున్నారు. మనం పిల్లల్ని ఎక్కించుకొని శీతాకాలంలో షికారు వెళ్ళే ఆ ఖల్‌అత్ అల్ బహ్రెయిన్ కోట నాటికే ఉంది. రాయలు బతికే ఉన్నాడు. ఒకే గుర్రానికి ఇది ఒక కొస, అది ఒక కొస.

ఇంత చెప్పాక మా ఫిర్యాదు మీకు అర్థమయ్యే ఉంటుంది. తెలుగులో చారిత్రక నవల 1896లో చిలకమర్తివారి ‘హేమలత’నాటికే రాజపుత్రుల గుర్రాలమీద వచ్చింది. కాకతీయులమీద, రెడ్డిరాజులమీద, రాయలమీద ఎన్నెన్నో నవలలు వచ్చాయి. అన్నింటిలోనూ గుర్రం సిద్ధంగా ఉంటుంది. నాయకుడు ఎక్కుతాడు, పోతాడు. ఆ గుర్రాన్ని ఓడ అడుగున నిలబెట్టి, వారాల తరబడి పక్కనే పడుకొని, నీళ్ళు పట్టి, తుఫానులో మెడ పట్టుకొని ఊరడించిన సయీసు మేము చదివిన ఏ నవలలోనూ మాకు తారసపడలేదు. సరంగు లేడు. రేవులో దించుకున్న కూలి లేడు. మన నవల గుర్రం ఒడ్డెక్కిన తర్వాతే మొదలవుతుంది.

మాలో అందరూ దీనికి ఒప్పుకోలేదు. పంతులుగారైతే గట్టిగానే ఆక్షేపించారు. “నవల సుంకాల పద్దు కాదు. ఏకవీర దుఃఖానికి గుర్రం ధర తెలియనక్కరలేదు” అన్నారు. నిజమే. అక్కయ్యగారు, హిమబిందు తండ్రి చారుగుప్తుడు వర్తకుడే కదా, బాపిరాజుగారికి వర్తకం కనిపించకపోలేదు కదా అన్నారు. అదీ నిజమే. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెంమీదే రెండు తెరచాపల ఓడ ఉంటే బాపిరాజుగారి కంటపడకుండా ఉంటుందా? మేము ఆ పెద్దలను తక్కువ చేయడం లేదు. వారు రాసిన కాలంలో తెలుగువాడికి తనకొక చరిత్ర ఉందని చెప్పడమే పెద్ద పని. ఆ పని వారు చేశారు. ఒడ్డుకు ఇవతల మిగిలిపోయినది మటుకు మిగిలే ఉంది.

నూనిజ్ రాసిన తోక సంగతి చెప్పినరోజు మేస్త్రీ తమ్ముడు ఒకే ఒక్క మాట అడిగాడు. “అన్నా, గుర్రం సస్తె తోక చూపిచ్చిండ్రు. మరి సయీసు సముద్రంల పోతే ఏం చూపిచ్చిండ్రు?” ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఆ వేళ జంతికలు అలాగే మిగిలిపోయాయి.

ఇక్కడినుంచి మా మాట మారింది. అప్పటిదాకా గుర్రాలు లెక్కపెట్టిన మేము మనుషుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. తెలుగువాడికి ఓడ కొత్తదా? మారిషస్‌లోనూ, బర్మాలోనూ మనవాళ్ళను ‘కోరంగీ’లని పిలిచారంటే అది గోదావరి పాయమీది కోరంగి రేవు పేరు. కూలీలుగా వెళ్ళినవారు ఊరి పేరును ఒంటిపేరుగా మోసుకుపోయారు. మనం విమానంలో వచ్చాం. మనకు ముందు వచ్చినవాళ్ళు అలా రాలేదు. బొంబాయినుంచి బి.ఐ. కంపెనీ ఓడలు వచ్చేవి. ‘దారా’ అనే ఓడలో 1961 ఏప్రిల్ 8న దుబాయి దగ్గర పేలుడు జరిగి 238మంది పోయారు. ‘ద్వారక’ 1982దాకా తిరిగింది. ఆ ఓడల డెక్కుమీద చాపలు పరుచుకొని వచ్చినవారు ఈ సభలో ఒకరిద్దరైనా ఉన్నారు.

రిఫైనరీ బాబాయిగారు వారిలో ఒకరు. 1974లో ‘ద్వారక’ డెక్కు టిక్కెట్టుమీద వచ్చారు. రాజోలు దగ్గర ఊరు. ఈ వేసవి తర్వాత శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నారు. వారి కథ చెప్పమని మేము అడిగితే మొదట కసిరారు. “రాజులా, రాణులా? మాది కూడా ఒక చరిత్రేనటయ్యా!” అన్నారు. అప్పుడు గుమాస్తాగారు చందుపట్ల శాసనం ఎత్తారు. “బాబాయిగారూ, మహారాణి పోయిన సంగతి మనకు చెప్పింది పువ్వుల ముమ్మడి. అతనూ రాజు కాదు” అన్నారు. బాబాయిగారు కాసేపు ఊరుకొని, “రాసుకోండి మరి” అన్నారు.

మనవడు కూడా అదే సమయానికి ఇంగ్లీషులో అమితావ్ ఘోష్ ‘ఇన్ ఏన్ యాంటిక్ ల్యాండ్’ చదువుతున్నాడు. 12వ శతాబ్దంలో మంగుళూరులో వ్యాపారం చేసిన ఒక యూదు వర్తకుడికి బొమ్మ అని ఒక సేవకుడు. ఆ సేవకుడి గురించి ఏ రాజూ శాసనం వేయించలేదు. వర్తకుల ఉత్తరాల్లో, ఫలానావాడికి నా నమస్కారాలు చెప్పమని రాసిన చివరి పంక్తుల్లో అతను మిగిలాడు. ఎనిమిదివందల ఏళ్ళ తర్వాత ఒక రచయిత వెతుక్కుంటూ వచ్చాడు. కుర్రవాడు తాతగారి ట్రంకుపెట్టె తెరిచి చూశాడు. అందులో నాయనమ్మ రాసిన ఇన్లాండ్ కవర్లు ఎన్నో కట్టలు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాం. మలయాళీ సోదరులు ఈ దీవిలో కేరళీయ సమాజం పెట్టుకున్నది 1947లో. వారి రచయిత బెన్యామిన్ 1992లో బహ్రెయిన్ వచ్చి, మన మధ్యనే ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాడు. ఇక్కడ ఉండగానే ‘ఆడుజీవితం’ రాశాడు. 2008లో వచ్చింది. సౌదీ ఎడారిలో మేకలమందతో చిక్కుపడిన ఒక మలయాళీ కథ. ఇవాళ అది అనేక భాషల్లో ఉంది, 2024లో సినిమాగానూ వచ్చింది. ఆ పుస్తకం ఇప్పటి కథే. కాని వందేళ్ళ తర్వాత కేరళవాడు తన తాత గల్ఫుకు ఎలా వెళ్ళాడో తెలుసుకోవాలనుకుంటే చేతికి ఒక పుస్తకం దొరుకుతుంది. కోనసీమవాడికి, కడపవాడికి, జగిత్యాలవాడికి ఏం దొరుకుతుంది? జగిత్యాల తమ్ముడి క్యాంపులో గది గదికీ ఒక నవల ఉంది. అతను రాయనంటాడు. “నాకు రాత రాదన్నా, చెప్పుడు వస్తది” అంటాడు. చెప్పమన్నాం. రాసేవాళ్ళం మేమున్నాం.

అందుచేత మా విన్నపం ఇది. నవల రాయమని మేము ఎవరినీ అడగడం లేదు. అది ఎవరికి ఎప్పుడు రాసిపెట్టి ఉంటే వారు రాస్తారు. మీ ఇళ్ళలో పాత పాస్‌పోర్టులు, ఓడ టిక్కెట్లు, ఏజెంటుకు కట్టిన సొమ్ము రసీదులు, ఇన్లాండ్ కవర్లు, మొదటి జీతం పంపిన డ్రాఫ్టు నకళ్ళు ఉంటే పారేయకండి. స్వదేశం వెళ్ళేటప్పుడు బరువని ముందు పారేసేవి అవే. మాకు చూపించండి, నకలు తీసుకొని భద్రంగా తిరిగి ఇస్తాం. రూపాయల్లో జీతం తీసుకున్న రోజులు తెలిసినవారుంటే మరీ మంచిది. దీనారు వచ్చినది 1965లోనే అయినా, ఇక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ వంద ఫిల్సులను ‘రుపియా’ అనే అంటారు. ఆ మాట కూడా ఏ ఓడలోనో వచ్చినదే.

బాబాయిగారి కథ మూడు శుక్రవారాలు రాసుకున్నాం. బొంబాయి రేవులో ఓడెక్కేముందు ట్రంకుపెట్టె తాళం పోవడం దగ్గర మొదలైంది. రెండోనాటి రాత్రి ఆవకాయ జాడీ పగిలి డెక్కంతా గుప్పుమంటే, గుజరాతీలు, పఠానులు, మలయాళీలు చుట్టూ చేరి రొట్టెముక్కలతో అద్దుకు తిన్నారట. తెల్లారేసరికి పెంకులు తప్ప ఏమీ మిగల్లేదట. “అమ్మ ఏడాదికి పెట్టిన ఆవకాయ” అని ఇప్పటికీ చింతే. గడిచిన శుక్రవారానికి ఓడ మస్కట్టు దాటింది.

వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి బహ్రెయిన్ చేరుతుంది. వినదలచినవారు రావచ్చు. కుర్చీలు చాలవు, చాపలు వేస్తాం. పుస్తకం తేవడం మరవకండి. ఏ పేజీలో ఉన్నారో అడుగుతాం.

సాంబారు వాసన వస్తున్నది. ఇక మిమ్మల్ని ఆపం.